కాలిక్యులేటర్‌కు పెట్టిన బొట్టు

మా ఆయన పాత కాలిక్యులేటర్‌లో ఏడు నొక్కితే రెండు ఏడులు పడేవి. మేం బతకడానికొచ్చిన ఎడారి ఊరు ముసఫాలో ఇసుక దూరని చోటు ఉండదు, ఆ మీటల కిందికీ దూరింది. లెక్కలో ఏడు వచ్చినప్పుడల్లా ఆయన ఒకటి చెరిపేసి ముందుకు వెళ్ళేవారు. అలవాటైపోయింది కనుక కొత్తది కొనాలన్న ఆలోచన రాలేదు. ఉద్యోగానికి పెట్టే ట్రేడ్ టెస్టు కబురు వచ్చాకే ఆ రెండో ఏడు మాకు భయం పుట్టించింది.

అది 2011 చలికాలం. ఆయన అప్పుడు అసిస్టెంట్ సర్వేయర్. పెద్ద సర్వేయర్ యంత్రంలోంచి చూస్తుంటే దూరంగా కొలకర్ర పట్టుకుని నిలబడే ఉద్యోగం అది. నేను విజిట్ వీసా మీద ఉన్నాను, గడువు దగ్గర పడుతోంది. పక్కనే ఉన్న ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక కంపెనీకి సర్వేయర్ కావాలని, ఆదివారం టెస్టుకు రమ్మని ఫోన్ వచ్చింది. ఆ పోస్టు వస్తే నాకు ఫ్యామిలీ వీసా దొరుకుతుంది. రాకపోతే నేను విమానం ఎక్కాలి. ఈ మాట ఇద్దరం పైకి అనుకోలేదు. ఆ వారం బియ్యం మాత్రం చిన్న సంచీ కొన్నాం.

శుక్రవారం నమాజు అయి షాపులు తెరిచాక స్టేషనరీ షాపుకు వెళ్ళాం. షాపతను మలయాళీ. గాజుబల్ల మీద రెండు రకాలు పెట్టాడు. ఒకటి రెండు వరుసల తెరది, లోపల బ్యాటరీ ఉంది. దాంట్లో ముందు సైన్ నొక్కి తర్వాత అంకె కొట్టాలి, కాగితం మీద రాసినట్టే. రెండోది ఒకే వరుస తెరది. మా పాతదాని పద్ధతే, అంకె ముందు, సైన్ తర్వాత. దానికి బ్యాటరీయే లేదు. తెర పైన ఉన్న నల్లటి పలక మీద వెలుతురు పడితే పనిచేస్తుంది.

"యే ఓల్డ్ మోడల్ జైసా. హాథ్ కో మాలూమ్ హై," అన్నాడు షాపతను రెండోదాన్ని చూపిస్తూ. దీని పద్ధతి చేతికి తెలిసినదేనట.

నేను రెండింట్లోనూ ముప్పై డిగ్రీల సైన్ వేసి చూశాను. రెండూ సరిగ్గా అర చూపించాయి. నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, నాన్నగారే ఇంట్లో చదివించారు. గోడకు నిచ్చెన వాల్చి, దాని పొడవూ అది గోడ మీద అందుకున్న ఎత్తూ నాచేతే కొలిపించి సైన్ అంటే ఏమిటో చెప్పారు. ముప్పై డిగ్రీల్లో వాలిస్తే నిచ్చెన పొడవులో సగం ఎత్తు. ఆ నిచ్చెన ముసఫాలో అక్కరకొస్తుందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. దేవుడికి తెలిసే ఉంటుంది.

"టెస్టు ముందు వేళ్ళకి కొత్త అలవాట్లు వద్దు," అని మా ఆయన వెలుతురుతో నడిచేదే తీసుకున్నారు. నాకూ సబబనిపించింది.

ఇంటికి రాగానే, "దేవుడి దగ్గర పెట్టి ఇవ్వు," అన్నారు. నలుగురితో పంచుకున్న విల్లాలో మాకున్నది ఒక గది. బట్టల బీరువా పై అర మా దేవుడిది. కొత్త వస్తువుకు బొట్టు పెట్టకుండా వాడం. కుక్కర్‌కూ పెట్టాం, ఇస్త్రీపెట్టెకూ పెట్టాం. కాలిక్యులేటర్‌కు ఎక్కడ పెట్టాలా అని చూస్తే నుదురులా కనిపించింది తెర పైనున్న ఆ నున్నటి పలకే. దాని నిండా దట్టంగా గంధం రాసి, మధ్యలో కుంకుమ దిద్దాను. ముచ్చటగా ఉంది.

శనివారం పొద్దున ఆయన లెక్కలకు కూర్చున్నారు. తెర ఖాళీ. ఏ మీట నొక్కినా పలకలేదు.

"చచ్చిపోయిన సరుకు అంటగట్టాడు."

"బొట్టు పెట్టిన వస్తువండీ. అలా అనకండి."

"అయితే నువ్వే లేపు."

మళ్ళీ షాపుకు పరుగు. షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ గంధం చూశాడు. నావైపు చూశాడు.

"సిస్టర్, ఆప్‌నే ఇస్‌కా ఆంఖ్ బంద్ కర్ దియా."

దాని కన్ను మూసేశానట. బొటనవేలితో తుడవగానే తెర మీద సున్నా వచ్చి నిలబడింది. ముందు షాపతను నవ్వాడు, తర్వాత నేను నవ్వాను. మా ఆయన మాత్రం నవ్వకుండా ఆ పలక మీద అరచెయ్యి మూసి చూశారు. సున్నా వెలిసిపోయి మాయమైంది.

"వెలుతురు తగ్గితే ఇంతేనా?" అని హిందీలో అడిగారు.

"లైట్ ఖలాస్, మెషీన్ ఖలాస్."

ఎండాకాలం సైటులో పని సూర్యుడికంటే ముందే మొదలవుతుంది. ఆయన నావైపు తిరిగారు. "బ్యాటరీదే మేలు. కానీ పద్ధతి మార్చుకోడానికి ఇవాళ ఒక్కరోజే ఉంది. ఏమంటావు?"

"మీరు వేళ్ళు మార్చుకోండి. నేను చెప్పి చేయిస్తాను."

గంధం పూసింది ఇంకెవరు కొంటారని గొణుగుతూనే షాపతను మార్చి ఇచ్చాడు. ఆ మనిషి చల్లగా ఉండాలి.

ఆ రోజంతా నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ లెక్కలు చెప్పాను, ఆయన మీటలు నొక్కారు. వేళ్ళు పాత దారికే పోయేవి.

"ఎర్రర్ అంటోందే."

"నేనూ అదే అంటున్నాను. ముందు ఏం కావాలో అడగండి, తర్వాత ఎంతకో చెప్పండి."

"మీ నాన్నగారు కూడా ఇలాగే సతాయించేవారా?"

"ఆయన నిచ్చెన కూడా ఎక్కించేవారు."

దీపం పెట్టే వేళకు ఎర్రర్లు ఆగిపోయాయి. ఆయన దాన్ని నా చేతికిచ్చి, "బొట్టు పెట్టు. వెనకాల," అన్నారు.

ఆదివారం ఆయన వెళ్ళాక దేవుణ్ణి ఏమీ అడగలేకపోయాను. ఇన్నాళ్ళు కలిసి ఉండనిచ్చినందుకు దండం పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం ఫోను మోగింది.

"కింద తలుపు తీసి ఉంచు. బియ్యం పెద్ద సంచీ తెస్తున్నాను."

టెస్టు పెట్టిన చోట వెలుతురు ఎలా ఉందని అడిగాను.

"పెళ్ళిపందిరిలా ఉంది. నువ్వు కన్ను మూసినదైనా చక్కగా పనిచేసేది," అని నవ్వారు. మార్చిన శ్రమంతా అక్కర్లేకపోయినా ఫరవాలేదు, నా దండం నేను పెట్టుకున్నాను.

వీసా పడ్డాక, ఆ పేజీ జిరాక్స్ తీయించడానికి ఆ షాపుకే వెళ్ళాను. షాపతను కాపీల లెక్క కట్టడానికి బల్ల కింది నుంచి కాలిక్యులేటర్ తీశాడు. ఒకే వరుస తెర. పలక అంచున గంధం ఇంకా పట్టుకుని ఉంది.

"బేచా నహీ, సిస్టర్," అన్నాడు, వీసా కాగితం నా చేతికిస్తూ. అమ్మలేదట.