ఇసుక కంటే ముందు ఇసుర్రాయి

పోయిన వారం మునిమనవరాలిని తిరుపతిలో చేతులకు పని నేర్పే ఆక్యుపేషనల్ థెరపీకి తీసుకుపోతుంటే నేనూ బయల్దేరాను. ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని ఒక వంక. ఐదేళ్ల పిల్లకు పెన్సిల్ పట్టుకోవడం రాదు, చేతికి జిగురంటితే వీధంతా వినబడేలా అరుస్తుంది. అక్కడున్న అమ్మాయి పెన్సిల్ ఊసే ఎత్తకుండా, మూటలు పెట్టిన తోపుడుబండిని గది ఈ చివరి నుంచి ఆ చివరికి పదిసార్లు తోయించింది. "బరువు పని చేస్తే చేతులు కుదురుకుంటాయవ్వా, ఆ తర్వాత రాయిస్తాం" అంది. నాకు మా మేనత్త గుర్తుకొచ్చింది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మేం చిత్తూరులో ఉండేవాళ్లం. నాకు పదేళ్లు, చెల్లెలికి ఆరు. వీధి చివర అయివారు తన ఇంటి అరుగు మీదే బడి నడిపేవారు, నేనూ అక్కడే చదివేదాన్ని. పలక పట్టించే ముందు అరుగు మీద ఇసుక పరిచి, చూపుడువేలితో అక్షరాలు దిద్దించడం ఆయన పద్ధతి. మా చెల్లెలికి ఇసుక తగిలితే నిప్పు తగిలినట్టే. పిడికిలి బిగించి, ఒళ్లంతా కర్రలా చేసుకుని ఏడ్చేది. అయివారు దాన్ని పొగరనుకున్నారు. బెత్తంతో వేళ్ల మీద రెండు వేశారు కూడా. చివరికి మా నాయనను పిలిపించారు. "ఇంకొక నెల సూస్తానప్పా. నెల తిరిగొచ్చే శుక్రవారానికి ఒక్కచ్చరం దిద్దకపోతే ఈ పిల్లను ఇంట్లోనే పెట్టుకో." మా నాయన ఎదురాడలేదు. ఆడపిల్ల చదువు మానిపించడానికి ఆ కాలంలో ఆమాత్రం సాకు చాలు. ఆయన ఇంకో బడి వెతకడని ఇంట్లో అందరికీ తెలుసు.

మొగుడు పోయి మా ఇంట్లోనే ఉంటున్న మేనత్తకు అక్షరం ముక్క రాదు. కానీ ఎవరికీ కనబడనిది ఆమెకు కనబడింది. తను రాగులు విసిరేటప్పుడు చెల్లెలు వచ్చి ఇసుర్రాయి పిడి పట్టుకుంటే, ఆ తర్వాత కాసేపు తల దువ్వినా ఏడ్చేది కాదు. "దీనికి పొగరు గాదు మే, చేతులకు బయం. చేతులు అలిసినాక బయం ఉండదు" అని నాతో అనింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని రాయి తిప్పేవాళ్లు. చెల్లెలి అరచేతులు ఎర్రబడ్డాక అత్త వెచ్చటి రాగిపిండిలో వేలు పెట్టమనేది. మొదట గోరు మునిగింది, కొన్నాళ్లకు వేలు, ఆ తర్వాత చెయ్యి. గడువు ఇంకో రోజుందనగా పెరటి ఇసుకలో చెల్లెలు వంకరటింకరగా "అ" దిద్దింది. అత్త వంగి చూసి, "ఇది అచ్చరమేనా?" అని నన్నడిగింది.

శుక్రవారం తెల్లవారింది. మా అమ్మ సంబరం ఇంతా అంతా కాదు. చెల్లెలికి తలంటి పోసి, జరీ అంచు పావడా కట్టి, పూలు పెట్టింది. ఇసుర్రాయి మాత్రం ముట్టుకోనివ్వలేదు. పావడా అంచు గుచ్చుకుని చెల్లెలు అప్పటికే మూలుగుతోంది. "ఒక గుప్పెడన్నా ఇసిరినాక పంపు మే" అంది అత్త.

"మంచి పనికి పోతా ఉంటే రాయి తిప్పుతారా వదినా? నువ్వు లోపలికి పో, బిడ్డకు ఎదురు రావద్దు."

భర్త పోయిన మనిషి ఎదురొస్తే శుభం కాదని కదా లెక్క. అత్త లోపలికి పోయి తలుపు వెనక నిలబడింది. మా అమ్మ చెడ్డది కాదు. తనకు తెలిసిన మంచి అంతా ఆ పొద్దు చెల్లెలి ఒంటి మీద వేసింది.

అరుగు మీద ఇసుక పరిచారు. చెల్లెలి పిడికిలి బిగిసిపోయింది. అయివారు మూడుసార్లు చెప్పి చూసి, బెత్తం అందుకోబోయారు. నేను చెల్లెలి రెక్క పట్టుకుని వాళ్ల పెరట్లోకి పరిగెత్తాను. అయివారి భార్య అక్కడ రాగులు విసురుతోంది. "అమ్మా, మా చెల్లిని కొంచేపు ఇసరనీమ్మా. లేకుంటే దానికి సదువు లేదు" అన్నాను. ఆమె నన్నూ, ఆ పిడికిళ్లనూ చూసి పక్కకు జరిగింది.

"యాడికి పోయినారే?" అని బయట అయివారి కేక. రాయి తిరుగుతోంది. ఎన్ని చుట్లకు చేతులు సడలుతాయో అత్తకు తెలుసు, నాకు తెలియదు. ఇంకో కేక. కొత్త పావడా నిండా పిండి. ఇక అయిపోయిందనుకుంటూ ఉండగా చెల్లెలు పిడి వదిలి, తనే లేచి అరుగు మీదికి నడిచింది. ఇసుకలో వేలు పెట్టి "అ" దిద్దింది. అయివారు అది చూసి, "రేపు పలక తెచ్చుకో" అన్నారు.

ఇంటికొచ్చాక మా అమ్మ దిష్టి తీసి, తలంటూ శుక్రవారమూ కలిసొచ్చాయని వీధంతా చెప్పుకుంది. పావడా పాడు చేయించానని నన్ను నాలుగు తిట్టింది. ఆ పిండి చూడగానే అత్తకు అంతా అర్థమైంది. చెల్లెలి వేళ్లు కడిగింది. ఇదంతా అత్త వల్లేనని చెప్పాల్సినదాన్ని నేను. తిట్లకు భయపడి, రేపు చెబుదాంలే అనుకున్నాను. అత్త ఆ తర్వాత ఇరవై ఏళ్లు మా ఇంట్లోనే బతికింది, ఆ రేపు మాత్రం రాలేదు.