లాగర్‌తో మా అత్తమ్మ తగువు

మా అత్తమ్మ పోయారన్న కబురు నాకు బహ్రెయిన్‌లోని జిదాఫ్స్‌లో, డ్యూటీలో ఉండగా తెలిసింది. నేనక్కడ ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. జగిత్యాల నుంచి అత్తమ్మ చెల్లెలు ఫోన్ చేసి, "బిడ్డా, అక్క పొద్దుగాల లేవలేదు" అన్నారు. లేవకపోతే లేపండి అనబోయాను. అంతలో వెనక ఏడుపులు వినిపించాయి. చెల్లెలి మనవరాలి పెళ్లికని వెళ్లారావిడ. పెళ్లి అయిపోయింది, చుట్టాలు వెళ్లిపోయారు, ఇంకో వారంలో బహ్రెయిన్‌కి తిరిగి రావాలి. నిద్రలోనే పోయారు. కొడుక్కి ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదని నాకు చేశారు.

ఎలా ఎత్తుతారు? మావారిది ఏసీల మెయింటెనెన్స్. వేసవి వచ్చిందంటే పగలంతా అమ్వాజ్‌లో అపార్ట్‌మెంట్ల డాబాల మీదే ఉంటారు, ఫోనేమో కింద వ్యాన్‌లో ఉంటుంది. టాక్సీ పట్టుకుని నేనే వెళ్లాను. ఆ ఎండలో, ఆ మిషన్ల హోరులో, చేతుల నిండా గ్రీజుతో ఉన్న మనిషికి గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆయన విన్నారు. "ఈ ఒక్కటి బిగించి వస్త" అని మళ్లీ స్పానర్ అందుకున్నారు. బిగించిన తర్వాతే కిందికి దిగాం.

అత్తమ్మ గురించి రాయమంటే నేను బీరుతో మొదలుపెట్టాలి. మా వైపు వాళ్లెవరైనా చదివి నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. సర్దిచెప్పే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

మాది కాకినాడ. మా ఇంట్లో మగవాళ్లు కూడా మేడ మీద చాటుగా తాగి, సోంపు నములుతూ కిందికి దిగేవారు. ఆడవాళ్లు సోంపు వాసన మాత్రమే వచ్చినట్టు నటించేవారు. అలాంటి ఇంటి నుంచి జగిత్యాల కోడలిగా వెళ్లాను. పెళ్లయిన కొత్తలో ఇంట్లో దావత్. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పగలంతా డ్యూటీ చేసి వచ్చిన మా అత్తమ్మ, నా పక్కన కూలబడి కాళ్లు చాపుకుని, "బిడ్డా, నీకు బీరా, కూల్‌డ్రింకా?" అని అడిగారు. మజ్జిగా, మంచినీళ్లా అన్నంత మామూలుగా అడిగారు. ఆవిడ నా మొహం చూసి నవ్వి, "భయపడకు, మేము మనుషులమే" అన్నారు.

ఆవిడకి అసలు ఇష్టం కల్లు. పొద్దున దించింది ఒక రుచి, మధ్యాహ్నానికి ఇంకో రుచి, సాయంత్రానికి నోరు పట్టేసేంత పులుపు. అలా పూటపూటకీ మారేదాన్నే తాగాలని ఆవిడ లెక్క. సీసా బీరంటే చిన్నచూపే. ఆ తర్వాత ఇంగ్లండులో ఉన్న మా ఆడపడుచు పురుడికి వెళ్లి ఆర్నెల్లు ఉన్నారు. అక్కడ పక్కింటి తెల్లాయన వీళ్లందరినీ పబ్బుకి తీసుకెళ్లి, చేత్తో పంపు కొట్టి తోడిన ఏల్ అనే అక్కడి పాతకాలపు బీరు ఒక గ్లాసు ఆవిడ ముందు పెట్టాడట. నురగ తక్కువ, చల్లదనం తక్కువ, రంగు డికాషన్ రంగు. ఒక గుక్క తాగి, "గిది మన కల్లుకు చుట్టమే" అన్నారట అత్తమ్మ. ఆయనకి తెలుగు రాదు, అయినా సంతోషించాడట. పీపాలో పోశాక కూడా అది పులుస్తూనే ఉంటుందనీ, వడకట్టరనీ, పైనుంచి గ్యాసు ఎక్కించరనీ, దాన్ని రియల్ ఏల్ అంటారనీ కూతురి చేత చెప్పించుకున్నారు. తిరిగొచ్చింది మొదలు లాగర్ అంటే, అదే మన దగ్గర అందరూ చల్లగా తాగే మామూలు బీరంటే, ఆవిడకి పడేది కాదు.

మామయ్యగారు పోయాక ఆవిడని మా దగ్గరికి, బుసైతీన్‌కి తెచ్చుకున్నాం. నేను తెల్లారకుండా లేచి పిల్లలకీ మాకూ క్యారేజీలు కట్టి వెళ్లి, పగలంతా జనం చేతుల్లో సూదులు గుచ్చి, ఇల్లు చేరేసరికి నడుం నాది కాదన్నట్టుండేది. మావారు ఇంకా అలిసిపోయి వచ్చేవారు. స్నానం చేసి, అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకునేవారు. డ్యూటీ ఎలా ఉంది అని అడిగితే "మంచిగనే". ఒంట్లో ఎలా ఉంది అంటే అదీ "మంచిగనే". ఒకే గదిలో ఉంటూ ఆయన గొంతు మరిచిపోతానేమో అనిపించేది. ఆ ఇంట్లో అత్తమ్మ వచ్చాక మాటలు పుట్టాయి, అదీ గురువారం సాయంత్రాలు. మర్నాడు శుక్రవారం, ఇక్కడ సెలవు.

గురువారం పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు పిలుపు వినగానే ఆవిడ లేచి, ఫ్రిజ్‌లోంచి తన ఏల్ సీసా తీసి వంటింటి గట్టు మీద నిలబెట్టేవారు. అడుగున మడ్డి ఉండే రకమే కావాలి. చల్లదనం కొంచెం దిగాలి, కదపకూడదు. మావారు స్నానం చేసి వచ్చేసరికి గ్లాసు వంచి పట్టుకుని సన్నటి ధారగా పోసేవారు. మడ్డి దగ్గరికి రాగానే ఆపేసి, మిగిలింది బాల్కనీలో పుదీనా కుండీలో పోసేవారు. ఆ ఒక్క గ్లాసుతో సాయంత్రమంతా గడిచేది. మావారు మాత్రం ఫ్రీజర్‌లోంచి లాగర్ డబ్బా తీసి, మంచు పొగలు పోతుండగానే సగం ఖాళీ చేసేవారు.

"ఏం కొడుకా, ఇయ్యాల గూడ ఆ అయిసుగడ్డ నీళ్లేనా?" అని మొదలుపెట్టేవారు అత్తమ్మ. కుశలం ఎప్పుడూ అడగలేదు.

"నలభై అయిదు డిగ్రీలల డాబా మీద నువ్వు నిలబడు. అప్పుడు చెప్పు ఏది తాగుతవో."

"అంత సల్లగ తాగితే నాలిక మొద్దుబారుతది రా. నాలికకు ఎరుకయితనే లేదు, ఇగ రుచేంది?"

"లాగర్ జేసుడే సలువల జేస్తరమ్మా. వారాలకు వారాలు సలువల పండబెడితెనే అది గంత సాఫుగ అయితది. నీ ఏల్ అయితే వారంల తయారు. ఓపిక దేనికెక్కువ?"

"పండబెడ్తరు సరే. తర్వాత వడగట్టి, కాచి, గ్యాసు గొట్టి సంపుతరు గద! జీవం ఏడున్నది అండ్ల?"

"జీవం నాకెందుకు? నాకు దూప తీరాలె!"

అలా మొదలైన తగువు డబ్బా దాటి డ్యూటీలోకి వెళ్లేది. ఏ డాబా మీద ఏ కంప్రెసర్ మొండికేసిందో, సూపర్‌వైజర్ ఎలా కసిరాడో, కొత్తగా వచ్చిన నేపాలీ కుర్రాడికి వడదెబ్బ తగిలితే ఎలా మోసుకొచ్చారో, అన్నీ లాగర్ తరఫున సాక్ష్యాలుగా బయటికి వచ్చేవి. వారం రోజులుగా నేనడిగి అడిగి విసిగిపోయిన కబుర్లవి. బట్టలు మడతపెడుతూ లోపలి నుంచి వినేదాన్ని. మొదట్లో ఒళ్లు మండేది కూడా. నేనడిగితే మూగనోము, ఆవిడ తిడితే పురాణం!

రంజాన్ నెలలో ఇక్కడ మందు దొరకదు. ఆ మొదటి ఏడు, ఇంక ఆ నెలంతా ఇల్లు మూగబోతుందని దిగులుపడ్డాను. గురువారం వచ్చింది. అత్తమ్మ ముగ్గురికీ పాలు లేకుండా నిమ్మకాయ పిండి సులేమానీ టీ పెట్టి, బాల్కనీలో కూర్చుని, చేతిలో బీరన్నది లేకుండానే లాగర్‌ని తిట్టడం మొదలుపెట్టారు. మావారు నిమ్మకాయ టీ తాగుతూ లాగర్‌ని వెనకేసుకొచ్చారు. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు ఆవిడ చేస్తున్న పనేమిటో. ఆ రాత్రి ఆవిడ కాళ్లకి నూనె రాస్తూ, "మీకు లాగర్ అంటే నిజంగా అంత కోపమా అత్తమ్మా?" అని అడిగాను. "కోపమే బిడ్డా, దండిగ" అన్నారు, కళ్లు మూసుకునే.

ఇంటికెవరైనా తెలుగువాళ్లు వస్తే సీసా దాచమని నేను బతిమాలేదాన్ని. "దొంగతనం జేసినమా?" అని గట్టు మీదే ఉంచేవారు. ఒకసారి మా ఊరి వైపు ఒకావిడ, వాళ్లాయన పెద్ద కంపెనీలో అకౌంటెంట్, నన్ను పక్కకి పిలిచి, "మీ అత్తగారికి... అలవాటా?" అని గుసగుసగా అడిగింది. అత్తమ్మవి పాము చెవులు. "అలవాటే బిడ్డా. నీకు గూడ జెర పొయ్యన్నా?" అన్నారు లోపలి నుంచి. పాపం, ఆవిడ టీ కూడా పూర్తిచేయకుండా లేచింది.

ఆవిడ పుట్టినరోజుకి మావారు జుఫేర్‌లో ఒక హోటల్‌కి తీసుకెళ్లారు. అక్కడి బార్‌లో ఇంగ్లండు పబ్బులో లాంటి చేతిపంపులు ఉన్నాయని ఎవరో చెప్పారట. ఆవిడ గద్వాల చీర కట్టుకుని, మందుల సంచీ భుజాన వేసుకుని వచ్చారు. నిజంగానే పంపులున్నాయి, ఇత్తడి పిడులు తళతళమంటున్నాయి. బార్‌లో ఉన్న మలయాళీ అబ్బాయి సిగ్గుపడుతూ, అవి చూడ్డానికి పెట్టినవనీ, లోపల గొట్టమే లేదనీ చెప్పాడు. మావారి మొహం మాడిపోయింది. అత్తమ్మ పంపు పిడి పట్టుకుని ఒకసారి ఊపి చూసి, "మంచిగ తుడుస్తున్నరు, పాపం" అన్నారు. ఆ రోజు ఆవిడ కొడుకుతో సమంగా లాగరే తాగారు. "ఎట్లున్నదమ్మా?" అంటే, "సల్లగున్నది" అన్నారు. "ఒప్పుకున్నట్టేనా?" అంటే, "ఇయ్యాలటి మందమే. రేపటికి గాదు."

అంత్యక్రియలకి పిల్లలతో సహా అందరం వెళ్లాం. బడి ఉందని పిల్లల్ని తీసుకుని నేను ముందు వచ్చేశాను, దినాలన్నీ అయ్యాక ఆయన గుండుతో తిరిగొచ్చారు. మర్నాడే డ్యూటీకి వెళ్లిపోయారు. పలకరించడానికి వచ్చినవాళ్లకి టీలు పెట్టాను, అత్తమ్మ ఎలా పోయారో చెప్పిందే చెప్పాను. అందరూ ఆయన్ని "ఎలా ఉన్నావు" అని అడిగారు. అందరికీ ఒకటే సమాధానం, "మంచిగనే". ఆయన ఏడవలేదు. నాకూ ఏడ్చే తీరిక దొరకలేదు. పిల్లలు కూడా ఇంట్లో చప్పుడు చేయకుండా తిరగడం నేర్చుకున్నారు. ఇలా వారాలు గడిచాయి. ఈయన ఇలాగే ఉండిపోతారేమోనని, నిజం చెప్పాలంటే, అత్తమ్మ పోయినప్పటికంటే ఎక్కువ భయపడ్డాను.

మొన్న గురువారం ఆయన ఎప్పటిలాగే లాగర్ డబ్బా తీసుకుని బాల్కనీలో కూర్చున్నారు. మూత తీశారు గానీ తాగలేదు. ముహర్రఖ్ విమానాశ్రయంలో దిగే విమానాలు మా ఇంటి పక్కగానే వెళ్తాయి, వాటినే చూస్తున్నారు. నాకు నిలబడే ఓపిక లేదు. వెళ్లి అత్తమ్మ కుర్చీలో కూర్చున్నాను. ఆయన చేతిలోంచి డబ్బా తీసుకుని ఒక గుక్క తాగాను. చేదు. మింగాను.

"మీరన్నదే నిజమండీ. లాగరే నయం. అత్తమ్మ ఊరికే పట్టుబట్టేవారు గానీ, ఆ ఏల్‌లో ఏముంది? వేడి కషాయం."

ఆయన మెల్లగా నావైపు తిరిగారు.

"నీకేమెరుక?"

"ఎరుకే. చల్లగా ఉంటేనే బీరు."

"సల్లగుంటే నాలిక మొద్దుబారుతది" అన్నారు ఆయన, ఇన్నేళ్లూ ఒక్క రోజు కూడా ఏల్ ముట్టని మనిషి. "నాలికకు ఎరుకయితనే లేదు, ఇగ రుచేంది? కషాయం అంటవా? దాన్ని ఎన్ని దినాలు కాపాడాలె, ఎట్ల వొయ్యాలె, ఎక్కడ ఆపాలె... కల్లు దాగిన నోరు అమ్మది! నువ్వా చెప్పేటిది?" గొంతు పెరిగింది. వేలు చూపిస్తున్నారు. వడకట్టడం తప్పన్నారు, గ్యాసు ఎక్కించడం తప్పన్నారు, దూప తీరితే చాలనుకునేవాడు నల్లా నీళ్లు తాగాలన్నారు. చెంపల మీదికి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు, ఆపడమూ లేదు.

పిల్లలు తలుపు దగ్గరికొచ్చి చూస్తున్నారు. వాళ్లని లోపలికి పొమ్మని సైగ చేశాను.

"చెప్పు, ఇగ చెప్పు! ఏమున్నది నీ లాగర్ల?"

నాకు లాగర్ గురించి తెలిసింది రెండు ముక్కలు, అవీ ఆయన దగ్గర విన్నవే. వాటినే తిప్పి తిప్పి, వారాలకు వారాలు చలువలో ఉంచుతారనీ, తేటగా ఉంటుందనీ, ఎండలో పనిచేసేవాళ్లకి అదే మేలనీ, నోటికొచ్చిందల్లా చెప్తూ, డబ్బా వేడెక్కిపోయినా కింద పెట్టకుండా, లాగర్ తరఫున పోట్లాడుతూ కూర్చున్నాను.