లేని సారు కోసం అమ్మ ప్రార్థన

సహోదరులారా, చెబితే మీకు నవ్వొస్తుంది గాని, నేను సారాకు కాదు, జూదానికి కాదు, పగటి కలలకు బానిసనయ్యాను. తాగుడు మానిన సోదరుడెవరైనా లేచి సాక్ష్యం చెబుతుంటే వెనక వరుసలో కూర్చుని అసూయపడేవాణ్ణి, అతని రోగానికి కనీసం ఒక పేరుంది, నాది బయటికి చెప్పుకునేది కూడా కాదు. ఈ మాటలు నేను చెబుతుంటే మా పాస్టరమ్మగారు రాసి పెడుతున్నారు, మరాఠీ బడిలో చదివిన నాకు తెలుగు నోటికి వచ్చినంతగా చేతికి రాదు.

దేశంలోకి కొత్త కంపెనీలు వస్తున్నాయని, చదువుకున్నవాళ్లకు ఇక మంచి రోజులేనని అందరూ అనుకునే కాలమది. మా సంఘంలోనే పెరిగిన ముగ్గురం, నేను, మోజెస్, శారద, మహారాష్ట్రలో మా చంద్రపూర్‌లో బీఎస్సీ పాసయ్యాం. ఫోటో స్టూడియోలో ఉన్న ఒకే ఒక్క నల్ల గౌనును వంతులవారీగా తొడుక్కుని ముగ్గురం ఫోటోలు దిగాం. నా ఫోటోలో గౌను భుజాల మీంచి జారిపోతుంటుంది, అయినా అమ్మ దాన్ని గోడకు తగిలించి రోజూ కొంగుతో తుడిచేది. మోజెస్ బల్లార్‌పూర్ కాగితం మిల్లులో చేరాడు. శారద రాజురాలో ఎస్టీడీ బూత్ పెట్టింది, ఫోన్లు కలపడానికి బీఎస్సీ ఎందుకని జనం అంటే వాళ్లతో పాటు తనూ నవ్వేది. నాకు మాత్రం ఒక్కటే కావాలి, ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో తెల్లకోటు వేసుకోవాలి. ఇంటర్వ్యూకు వెళ్లొచ్చాను, జాబితాలో నా పేరు రాలేదు.

ఆ సాయంత్రం అమ్మ పత్తి చేను నుంచి వచ్చి, గీతలు పడిన చేతులు కడుక్కుంటూ, "ఏమైంది బిడ్డా?" అని అడిగింది. నిజం చెబుదామనే నోరు తెరిచాను సహోదరులారా, కాని నోట్లోంచి వచ్చింది వేరు. "ట్రైనింగుకు తీసుకున్నరమ్మా, అది అయ్యేదాక జీతం ఉండది" అన్నాను. అమ్మ అక్కడే తడి చేతులతో మోకరించింది. నాన్న పోయినప్పటి నుంచి ఆమె అంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు, అందుకే ఆ మాటను వెనక్కి తీసుకోలేకపోయాను.

ఇక రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దుటి బస్సు ఎక్కడం, ఫ్యాక్టరీ గేటు ఎదుట ఉన్న చాయ్ టపరీలో, అదే చిన్న రేకుల కొట్టులో, బల్ల మీద కూర్చోవడం. పొద్దున మంచు, దాంట్లో సున్నపురాయి దుమ్ము, రెండూ కలిసి చెట్ల మీద, రేకుల మీద, నా భుజాల మీద పిండిమర దగ్గర పడ్డట్టు మెల్లగా పడేవి. కళ్లు సగం మూసుకుంటే చాలు, గేటు తెరుచుకునేది, నేను లోపలికి నడిచేవాణ్ణి, గాజు కిటికీల్లోంచి లేత ఎండ పడేది, వరుసగా గాజు సీసాలు, నా తెల్లకోటు, నా మేజాబల్ల, పక్కన మా పెద్దసారు కులకర్ణి గారు. ఆయన గొంతు ఎలా ఉంటుందో, చాయ్‌లో చక్కెర ఎంత వేసుకుంటారో కూడా నాకు తెలుసు. అలాంటి మనిషి ఎవరూ లేరు, నేను కల్పించుకున్నాను. కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం దాటేది. మన తెలంగాణ నుంచి వచ్చిన లారీ డ్రైవర్లు మరాఠీ కాగితాలు పట్టుకుని, "అన్నా, ఇందుల ఏం రాసిండ్రో జర చెప్పరాదె" అని అడిగితే, కల చెడిపోతుందని మొహం తిప్పుకునేవాణ్ణి. ఇంటికి వెళ్లాక నా చొక్కా మీది దుమ్ము దులుపుతూ అమ్మ మురిసిపోయేది, ఆ దుమ్మే నా అబద్ధానికి సాక్షి.

ఒకరోజు బస్సు తప్పి ఇంటికి ఆలస్యమైంది. కులకర్ణి సారు భార్యకు జ్వరమొచ్చి ఆయన ముందే ఇంటికెళ్లారు, ఆయన పని నామీద పడిందని అమ్మకు చెప్పాను. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అమ్మ, "తండ్రీ, నా బిడ్డకు పని నేర్పుతున్న గా సారు ఇంటిని కాపాడు, గా తల్లి పానం బాగుచెయ్యి" అంది. మర్నాడు ఆమెకు నయమైందని చెబితే సరిపోయేది, కాని కలలో మునిగినవాడికి ఆ మాత్రం తెలివి ఉండదు, "ఇంకా అట్లనే ఉన్నదట" అన్నాను. అమ్మ శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టింది. పగలంతా వంగి పత్తి ఏరే మనిషి, లేని మనిషి భార్య కోసం పస్తులుంది.

మా సంఘంలో కోత పండుగకు ఒక అలవాటుంది. ఎవరు ఏ పని చేస్తే ఆ పని తొలి ఫలాన్ని మందిరానికి తెస్తారు, రైతులు పత్తి, సోయాబీన్, దర్జీ ఒక చొక్కా. ఆ ఏడు మోజెస్ మిల్లు నుంచి తెల్లకాగితాల కట్ట తెచ్చాడు. శారద ఆరోజు తన బూత్‌లో విధవరాళ్లందరికీ ఊరికే ఫోన్ కలిపిస్తానని మాట ఇచ్చింది. "నా కొడుకు సిమెంటు తెస్తడు" అని అమ్మ అందరికీ ముందే చెప్పేసింది. నా చేతి గడియారం అమ్మి, రాజురాలో ఒక దుకాణంలో సిమెంటు బస్తా కొని, బస్సు మీద వేసుకుని తెచ్చాను.

బస్తాను మందిరం ముందు దించాను. దించాక చూశాను దాని మీది బొమ్మ. మా తాలూకాలో చదువురాని పిల్లలు కూడా బస్తా మీది బొమ్మ చూసి ఇది ఫలానా ఫ్యాక్టరీదని చెబుతారు, నేను తెచ్చింది ఆవర్‌పూర్‌ది కాదు, వేరే కంపెనీది. అన్ని నెలలు ఆ గేటు ముందే కూర్చుని, ఎదురుగా పోయే లారీల్లో బస్తాలను ఒక్కనాడూ కళ్లు తెరిచి చూడనివాణ్ణి. ఎదురుగా యాకోబు కాక నిలబడి ఉన్నాడు, మా సంఘపెద్ద, ఆవర్‌పూర్‌లోనే బస్తాలెత్తే హమాలీ. ఆఫీసువాళ్ల గేటు వేరు, హమాలీల గేటు వేరు కనుక నా అబద్ధం అంతవరకు నిలిచింది.

కాక బస్తాను చూశాడు, నన్ను చూశాడు. వంగి బస్తాను ఒక్క ఊపున లేపి, బొమ్మ ఉన్న వైపు గోడకు తిప్పి పెట్టాడు. తన చేయి నా తల మీద పెట్టి ప్రార్థించాడు. "ప్రభువా, గీ పిలగాడు ఏం తెచ్చిండో నీకెరుక, ఏం దాచిండో నీకెరుక. తెచ్చింది తీసుకున్నవ్, దాచింది సుత తీసుకో."

నేను ఆగలేకపోయాను. అందరి ముందు, ఏడుస్తూ, మొదటి రోజు నుంచి మొత్తం చెప్పేశాను. అమ్మ లేచి మెల్లగా నా దగ్గరికి వచ్చింది. నన్ను కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను.

"అయితే గా కులకర్ణి సారు లేనే లేడా?" అంది.

"లేడమ్మా."

"అయితే గాయన పెండ్లాంకు జ్వరం లేనట్టే గద. దేవునికి స్తోత్రం" అంది.

సహోదరులారా, ఆ క్షణమే నాకు మెలకువ వచ్చింది.

మర్నాడు ఆ సిమెంటును నేనే కలిపి, కాక చెబుతుంటే, మందిరం పగిలిన మెట్టు కట్టాను. ఆ మర్నాడు అదే టపరీకి వెళ్లి అదే బల్ల మీద కూర్చున్నాను, కాని ఈసారి కళ్లు తెరిచి. డ్రైవర్లు కాగితాలు చూపితే చదివి పెట్టాను, ఫారాలు నింపాను, మరాఠీలో వాళ్ల తరఫున మాట్లాడాను. కొన్నాళ్లకు ఒక ట్రాన్స్‌పోర్టు ఆయన ఆ బల్ల పక్కనే నాకొక మేజాబల్ల వేయించి గుమస్తాగా పెట్టుకున్నాడు. తెల్లకోటు రాలేదు. దుమ్ము మాత్రం ఇప్పుడూ నా చొక్కా మీద పడుతుంది, అమ్మ ఇప్పుడూ దులుపుతుంది, ఇప్పుడది నిజం దుమ్ము. దేవునికే మహిమ.

అమ్మ శుక్రవారం ఉపవాసం మానలేదు. ఎందుకమ్మా అంటే, "ఏడనో ఒక సారు ఉంటడు, ఆయన ఇంట్ల ఎవలకో పానం బాగుండది, ఆళ్లకు పోతది తియ్" అంటుంది. ఎవరికి పోయిందో నాకు తెలుసు, ఆ ఇంట్లో రోగి నేనే.

చదువు అయిపోయి, రోజూ మంచి చొక్కా వేసుకుని ఎటూ చేరకుండా ఇంటికి తిరిగొస్తున్నవాళ్లు మీలో ఉంటే, మీ బరువును ప్రభువు ముందు దించండి, అది ఏ బస్తా అయినా సరే. ఆయన దాన్ని గోడవైపు తిప్పి పెట్టి, మీ తల మీద చేయి వేస్తాడు.