నీళ్లలో పగిలిన కత్తి

మొన్న శాలిబండలో ఆటో దిగగానే కొలిమి బొగ్గు వాసన తగిలింది. నాకేమీ అనిపించలేదు.

చిన్నప్పుడు మా కొలిమిలో గాలిచక్రం తిప్పడం నా పని. అదంటే నాకు ప్రాణం. ఒకరోజు బాపు తొలిసారి టూల్ స్టీల్‌తో కత్తి చేశాడు; గుండ్రటి కడ్డీ కొసను దాగలి అనే ఇనుప దిమ్మె మీద పెట్టి సాగగొట్టాడు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచగానే టప్పున పగిలింది.

"పొద్దుగాల ఈ పోరి దాగలి దాటింది. ఆడిపోరి దాటినంక ఉక్కు నిలుస్తదా?" అంది నాయనమ్మ.

"చూడక దాటిన బాపూ!"

"ఇగ ఇటు రాకు బిడ్డా," అన్నాడు బాపు.

నా కాళ్లలోనే ఏదో చెడు ఉందనుకున్నాను.

మర్నాడు నేను గడప దగ్గర నుంచి చూస్తుండగా, అదే కడ్డీలో మిగిలిన ముక్కతో ఇంకో కత్తి చేసి, నీళ్లకు బదులు నూనెలో ముంచాడు. పగల్లేదు. తప్పు నీళ్లదని ఆయనకు తెలిసింది. కానీ నాయనమ్మతో వాదించడం కన్నా నన్ను దూరం పెట్టడమే ఆయనకు తేలికైంది.