మా గ్రీకు మాస్టారికి అందని రొట్టె

మా కింది వాటాలో ఉండే గ్రీకు మాస్టారు పోయారని మొన్న శుక్రవారం వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను వన్ టౌన్‌లో చీర బేరం చేస్తున్నాను. కొన్నానో లేదో కూడా గుర్తులేదు.

ఆయన పాస్టర్లు కాబోయే వాళ్ళకి గ్రీకు చెప్పేవారు. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. మాది పూజలూ వ్రతాలూ ఉన్న ఇల్లు. అయినా పటమటలో సాయంత్రం కరెంటు పోతే ఇద్దరం మెట్ల మీద చేరి సువార్తల గురించే మాట్లాడుకునేవాళ్ళం. యేసు కథ చెప్పే ఆ పుస్తకాలు మొదట రాసింది గ్రీకులోనేనట. వాటిని రాసినవాళ్ళు గ్రీకు నేర్చుకున్నది ఆ భాషలోని పాత వీరగాథలు వల్లెవేసే కదా, ఆ వాసన రాతలో తగలకుండా ఎలా ఉంటుంది అనేవారు. ఓడ తుఫానులో చిక్కుకోవడం, గురువు చివరి విందులో శిష్యులకు అప్పగింతలు పెట్టడం, ఇలాంటివి చెప్పడానికి ఆ గాథల్లో అప్పటికే ఒక పద్ధతి ఉండేదట.

"మనవాళ్ళు ప్రభువు పాటలు నాట్ల పాట బాణీలో కట్టలేదామ్మా? బాణీ పొలంలోది. అంతమాత్రాన ప్రభువు అబద్ధమైపోయాడా?" అన్నారొకసారి.

ఈ మాటే క్లాసులోనూ చెప్పారు. లేఖనాలన్నీ గ్రీకు కట్టుకథలంటున్నారని ఎవరో ఆయన చర్చి సంఘ పెద్దలకు చాడీలు మోశారు. ముందు క్లాసు తీసేశారు. తర్వాత చర్చిలో నెలనెలా జరిగే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం ఆయనకు ఇవ్వడం మానేశారు, అంటే వెలివేసినట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది. బెజవాడలో చర్చిలకు కరువా, ఇంకోదానికి వెళ్ళండి అన్నాను. బాప్తిస్మం తీసుకున్నది అక్కడేనన్నారు. అయినా ప్రతి నెలా మొదటి ఆదివారం తెల్లచొక్కా వేసుకుని వెళ్ళి ఆఖరి వరుసలో కూర్చునేవారు. రొట్టె పళ్ళెం తనని దాటిపోతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉండేవారట.

ఈ వానాకాలం మంచం పట్టారు. లేవలేనివాళ్ళకి రొట్టె ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వడం వాళ్ళ సంఘంలో ఆనవాయితీ. ఆ నెల మొదటి ఆదివారం గడ్డం గీయించుకుని, తెల్లచొక్కా తొడిగించుకుని, స్టూలు మీద ఉతికిన తువ్వాలు పరిపించారు.

"ఆటో ఆగినట్టుంది, చూడమ్మా," అన్నారు నాతో.

చూశాను. ఎదురింటివాళ్ళది. ఆరాధన ఆలస్యమైందేమో అన్నారు. సాయంత్రానికి తువ్వాలు తీసేయమని ఆయనే చెప్పారు.

ప్రశాంతంగా వెళ్ళిపోయారని అందరూ అంటున్నారు. ఏం ప్రశాంతత? ఆ మనిషి ఆకలితో పోయారు. నాకు ఓదార్పు ఎక్కడా దొరకడం లేదు.

సమాధి దగ్గరికి మాత్రం సంఘమంతా వచ్చింది. పాస్టరుగారు ప్రియ సహోదరుడన్నారు. తర్వాత పాట ఎత్తుకున్నారు. అచ్చం నాట్ల పాట బాణీ. ఒక ముసలావిడ కళ్ళు మూసుకుని పాడుతూ, మడిలో నారు నాటుతున్నట్టే చెయ్యి కదిలిస్తోంది. ఆయన అన్న మాట ఎవరికైనా తడుతుందేమోనని చుట్టూ చూశాను. తట్టే మనిషి ఒక్కరే. తెల్లచొక్కాతో పెట్టెలో ఉన్నారు. పైన మట్టి వేస్తున్నారు.