పచ్చా, నీలమా: ఎల్లారెడ్డి దాకా ఒక సిరా సీసా

దుకాణంలో రెండు గీతలు గీసి చూసి సిరా కొనడం వేరు, దానితో కాపురం చెయ్యడం వేరు. చిన్నప్పటి నుంచీ పాళీ కలంతోనే రాస్తున్నదాన్ని, ఈ సంగతి నాకు బాగా తెలుసు. అయినా పోయిన వారం కోఠిలో ఆ సీసా మూత తియ్యగానే మనసు పారేసుకున్నాను. పైన టర్కాయిస్ బ్లూ అని రాసి ఉంది. వెలుతురులో నీలం, నీడలో కొంచెం పచ్చ ఛాయ. రోజువారీ రాతకు పనికొస్తుందా అని అడిగితే, దుకాణం ఆయన "రాసి చూసి మీరే చెప్పుండ్రి" అన్నాడు.

రోజువారీ రాత అంటే నాకు చీటీలూ దస్త్రాలూ కాదు. అందులో సగం మా అక్కతో మాటలు. ఆరేడేళ్ళ కింద పెద్ద జ్వరం వచ్చి అక్కకు రెండు చెవులూ పోయాయి. ఆమె మాట్లాడుతుంది, మనం రాయాలి. పలక మీద రాస్తే తుడిచేస్తామని ఒప్పుకోదు. నా మాటలన్నీ తీరిగ్గా మళ్ళీ చదువుకోవాలట. ఈమధ్య అక్క కళ్ళకు పొరలు కమ్మి బాల్ పెన్ను రాత కనబడక, లావు మార్కరుతో రాయడం మొదలుపెట్టాను. దానికీ ముఖం ముడిచింది. "గింత లావుగ రాస్తె నువ్వు ఒర్రుతున్నట్టుంటదే. చెవులు పోయినయ్ గని, మెల్లగ చెప్తె అర్థం గాదా నాకు?" అంది. ఒర్రడమంటే మా వైపు గొంతు చించుకుని అరవడం. చెవులు పోయినప్పటి నుంచి తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తెలియక, నలుగురూ నవ్వుతారని అక్క చాలా మెల్లగా మాట్లాడుతుంది. చిన్నప్పుడు ఆమె ఒక్క కేకేస్తే గల్లీ చివర ఆడుకుంటున్న నేను ఉరుక్కుంటూ ఇంటికొచ్చేదాన్ని.

దసరా ముందు అక్క కుడి కంటికి ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి వచ్చే సోమవారం రమ్మన్నారు. వెళ్ళనని అక్క భీష్మించుకు కూర్చుంది. ఆమె కొడుకు రవి ఫోను చేశాడు. "చిన్నమ్మా, ఆలస్యం జేస్తె పొర ముదిరి కష్టమైతదంటున్నడు డాక్టరు. మా మాట ఇంటలేదు. నువ్వొచ్చి చెప్పరాదు."

ఎట్లా చెప్పాలి? సన్నగా రాస్తే వినబడదు, లావుగా రాస్తే ఒర్రినట్టు. ఈ మెరిసే సిరాతో మెల్లగా చెబితే చెవిన పడుతుందేమో అనుకున్నాను. గురువారం నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి సెలవు పెట్టి, కలం నింపుకుని, సీసాను పాత సాక్సులో చుట్టి సంచిలో వేసుకుని బయలుదేరాను.

సికింద్రాబాదులో ఏడు దాటాక బండి. జనరల్ బోగీలో కిటికీ దొరికింది. మేడ్చల్ దాటేదాకా రాయలేదు, జొన్నరొట్టె తిన్నాను. తర్వాత నోట్‌బుక్కు తీసి పరీక్ష మొదలుపెట్టాను. పాళీ నుంచి సిరా చక్కగా దిగుతోంది. బండి ఊగినా గీత తెగడం లేదు. కాగితం వెనక్కి దిగడం మాత్రం ఉంది. త్వరగానే ఆరుతోంది. ఎదురుగా మెడలో కొలతల టేపుతో తెల్లగడ్డం పెద్దాయన కూర్చుని ఇదంతా శ్రద్ధగా చూస్తున్నాడు. కామారెడ్డిలో బట్టలు కుట్టే పనట.

"గిది ఫిరోజీ రంగు అమ్మా. మా అమ్మీ ఉంగరంల గిసొంటి రాయే ఉండె," అన్నాడు. "ఇంకును మేం సియాహీ అంటం. సియాహీ అంటెనే నలుపు. గీ రంగుదాన్ని సియాహీ అని ఎట్ల అంటరో ఏమో!"

చదివి చూడమని నోట్‌బుక్కు ఇచ్చాను. చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రంగయితె మస్తు కనవడ్తుంది. అక్షరమే కనవడ్తలేదు."

నా ప్రాణం ఉసూరుమంది. ఎవరి కోసం తీసుకెళ్తున్నానో చెప్పాను. ఆయన నోట్‌బుక్కు మళ్ళీ తీసుకుని, ఈసారి జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివి, "ఇగో, చదివిన. మీ అక్క గూడ చదువుతది," అన్నాడు. అబద్ధం కాదు గానీ, నా కోసం కొంచెం కష్టపడ్డాడని తెలుస్తూనే ఉంది.

తొమ్మిదిన్నరకు కామారెడ్డిలో దిగి, షేర్ ఆటోలో బస్టాండుకు చేరాను. ఎల్లారెడ్డి బస్సుకు ఇంకా టైముంది. ఛాయ్ తాగి బెంచీ మీద కూర్చుని ఎండలో రాసి చూశాను. ఎండలో ఈ సిరా అందం చెప్పనలవి కాదు గానీ, తెల్ల కాగితం మీద కళ్ళు జిగేల్‌మంటాయి. అంతలో ఒక రైతు, తెల్ల పంచె, మెడలో తువ్వాల, వచ్చి వంగి నిలబడ్డాడు. పక్కన కాలేజీ ఈడు కూతురు, చేతిలో జిరాక్సు కాగితాలు.

"మేడం, మీరు గెజిటెడ్ ఆఫీసరా?"

"కాదన్నా. ఎందుకు?"

"పచ్చ ఇంకుతోని రాస్తున్నరు గద. బిడ్డ సర్టిఫికెట్ల మీద గెజిటెడ్ సంతకం గావాలె. ఆఫీసుకు వోతె సారు లేడన్నరు."

పచ్చ సిరా కనబడిందంటే పెద్ద ఆఫీసరే అయ్యుండాలని మనవాళ్ళ లెక్క. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల సిగ్గుతో తండ్రి చెయ్యి లాగింది.

"బాపూ, గది పచ్చ గాదే. నీలం."

"నా కండ్ల ముంగట పచ్చగ అవుపడ్తుంటె నీలమంటవేందే?"

"ఎవల్నన్న అడుగు పో!"

కళ్ళు చిట్లించి ఆయన మళ్ళీ నా పేజీ మీదికి వంగాడు. పచ్చేనని ఖరారు చేసి, నేను కావాలనే సంతకం తప్పించుకుంటున్నానని అనుమానపడుతూ వెళ్ళిపోయాడు. ఇద్దరూ ఛాయ్ బండి దాకా వాదించుకుంటూనే ఉన్నారు. పచ్చా, నీలమా అని నేనూ నోట్‌బుక్కులో రాసి పెట్టుకున్నాను.

పది తర్వాత బస్సు కదిలింది. ఈ దారిలో పొద్దున వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి, ఎండ పడదు. కండక్టరమ్మ ఆధార్ చూసి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టు చింపి ఇచ్చింది. తాడ్వాయి దాటాక రోడ్డుకు ఒక పక్క పొడుగూతా మక్కజొన్నలు ఆరబోశారు. బస్సు వాటిని తప్పించుకుంటూ, మిగిలిన సగం రోడ్డులో ఎదురు బండ్లతో బేరాలాడుకుంటూ పోయింది. లింగంపేట దగ్గర స్పీడ్ బ్రేకరు మీద ఎగిరిపడేసరికి కలం కక్కి నా వేళ్ళన్నీ తడిశాయి.

పక్కన కూర్చున్న ముసలమ్మ ఒళ్ళో గుడ్డ చుట్టిన కొడవలి ఉంది. కూలికి వెళ్తోంది. నా చెయ్యి చూసి గాభరా పడింది.

"అయ్యో బిడ్డా, మైలుతుత్తం అంటిందా? నోట్ల వెట్టుకోకు. కండ్లు నలుసుకోకు!"

పంటకు తెగులు రాకుండా కొట్టే మందు మైలుతుత్తం, అచ్చం ఇదే రంగు. "ఇంకు అవ్వా, మందు కాదు," అన్నా నమ్మలేదు. నా చెయ్యి కిటికీ బయటికి పట్టి, తన సీసాలో నీళ్ళు పోసి, కొంగుతో రుద్ది రుద్ది కడిగింది. వేళ్ళ సందులు కూడా వదల్లేదు. ఎవరో తెలియని మనిషి అట్లా చెయ్యి కడుగుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రంగు చాలావరకు పోయింది. నీళ్ళకు నిలవని సిరా అని ఇంకో మార్కు తీసేశాను. ఒక నీళ్ళ చుక్క పేజీ మీద పడి 'అక్క' అనే మాట కరిగి ఉట్టి మరకగా మిగిలింది.

పదకొండున్నర దాటాక ఎల్లారెడ్డిలో దిగాను. బజారు వెనక గల్లీలో ఇల్లు. అక్క నల్ల అద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది గానీ, ఎందుకొచ్చానో ముందే తెలిసినట్టు కొంచెం బిగుసుకుంది. కోడలు లత మంచినీళ్ళు తెచ్చింది. నేను నోట్‌బుక్కు తీసి 'ఎట్లున్నవ్ అక్కా' అని మామూలు అక్షరాలతో రాసి ఇచ్చాను.

అక్క నల్ల అద్దాలు తీసి, చదివే అద్దాలు పెట్టుకుంది. ఆపరేషన్ అయిన కన్ను అరిగిపోతుందన్నట్టు దానికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఎడమ కంటితో కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుంది.

"పచ్చ ఇంకు దెచ్చినవా? ఆఫీసరమ్మవు అయినవా ఏందే?"

'నీలం' అని రాశాను.

"ఏడ నీలం? పచ్చనే."

నేను ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా కుడి కంటి మీద నుంచి తీశాను. అక్క కాగితాన్ని కొంచెం వెనక్కి జరిపి చూసింది.

"అరె!" అంది. ఎడమ కన్ను మూసింది. కుడి కన్ను మూసింది. మళ్ళీ ఎడమది. "ఈ కంటికి పచ్చ. ఈ కంటికి నీలం. ఒక్క అక్షరమేనానే?"

లత నాతో అంది, "డాక్టరు చెప్పిండు చిన్నత్తమ్మా. పొర ముదిరితె కంటికి పసుపు అద్దం వెట్టినట్టయితదట." బస్టాండులో కళ్ళు చిట్లించిన రైతు గుర్తొచ్చాడు. ఆయన వాదన మొండితనం కాదన్నమాట. ఆ పిల్ల ఆయన్ను ఒకసారి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే బాగుండును.

అక్క అక్కడితో ఆగలేదు. లతతో తన చీర తెప్పించింది. రెండేళ్ళ కింద నేను పెట్టిన నెమలికంఠం రంగు చీర. దాన్ని ఇన్నాళ్ళూ ఆకుపచ్చ అనుకునే కట్టుకుందట. తర్వాత వాకిట్లోకి వచ్చి, ఒక కన్ను మూసి తలెత్తింది.

"ఆకాశం గింత నీలముండెనా? ఇన్నొద్దులు మబ్బువట్టిందనుకున్న."

ఇద్దరం చాలాసేపు ఆకాశం చూస్తూ నిలబడ్డాం. తర్వాత అరుగు మీద కూర్చుని నా రాత కుడి కంటితో మళ్ళీ చదువుకుంది. "ఇది మంచిగుందే. మెల్లగ మాట్లాడినట్టుంది. నీ గొంతే," అంది. ఇన్ని పరీక్షల్లో తప్పిన ఆ సిరా మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది.

అదే అదననుకుని రాశాను. 'ఎడమ కన్ను గూడ చేయిద్దాం. సోమవారం.'

అక్క చదివి నోట్‌బుక్కు మూసేసింది. చాలా మెల్లగా అంది.

"జరమొచ్చినప్పుడు గూడ రెండొద్దుల్ల తగ్గుతదన్నరు. చెవులు వోయినయ్. ఇప్పుడు నాకు చెవులైనా కండ్లైనా ఇవ్వే. ఒక కన్ను వచ్చింది, నీ మాట ఇనవడ్తుంది. రెండోదాని కోసం వోయి ఏమన్న అయితె, ఉన్నది గూడ వోతె? నీ మాట గూడ వోతది గదనే."

ధైర్యం చెప్పే మాటలు చాలానే సిద్ధం చేసుకుని వచ్చాను. ఒక్కటీ రాయబుద్ధి కాలేదు. 'నాకూ భయమే అక్కా' అని రాశాను. తన భయం నాకు తెలుసునని ఆమెకు తెలియాలి, అంతే.

చదివి నా వేళ్ళ మీద చెయ్యి వేసింది. "బువ్వ తిందాం పా," అంది. పప్పు, పచ్చిపులుసు, వేయించిన అప్పడాలు. అక్క ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తిన్నాక లోపలి గదిలో బల్బు కింద కబుర్లు రాశాను. అక్కడ ఆ సిరా పాలిపోయి, అక్క రెండు మూడుసార్లు "ఏందీ?" అని అడిగింది. నేను సంచి సర్దుకుంటుంటే, "గా కలం, సీసా ఈడ వెట్టిపో," అంది. ఎందుకో చెప్పలేదు. నోట్‌బుక్కు కూడా తనే ఉంచుకుంది.

సాయంత్రం నాలుగు దాటాక కామారెడ్డి బస్సు. అక్క, లత బస్టాండు దాకా వచ్చారు. కిటికీ దగ్గర కూర్చుని మనసులోనే తీర్పు రాసుకున్నాను. రోజువారీ రాతకు ఇది పనికిరాదు. దూరం నుంచి అక్షరం కనబడదు, నీళ్ళకు నిలవదు, బల్బు కింద వెలవెలబోతుంది, చూసినవాళ్ళు సంతకాలు అడుగుతారు. రవికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అక్కను ఒప్పించలేకపోయాను.

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. కింద నుంచి అక్క ఏదో అంటోంది. పెదవులు కదులుతున్నాయి గానీ, ఆ మెల్లని గొంతు ఇంజను మోతలో ఒక్క ముక్క వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి వినబడడం లేదని సైగ చేశాను. ఈసారి చెవిటిదాన్ని నేనే. అక్కకు నవ్వొచ్చింది. లత వీపు మీద నోట్‌బుక్కు ఆనించి గబగబా రాయడం మొదలుపెట్టింది. రాసిన గీత మీదే మళ్ళీ మళ్ళీ దిద్దింది. బస్సు కదిలింది. అక్క పేజీ ఎత్తి, రెండు చేతులా తల మీదికి పట్టుకుంది.

సిరా కారుతోంది. పేజీ నిండా, మార్కరుకన్నా లావుగా, వంకరటింకరగా మూడు మాటలు. సోమవారం నువ్వు రా.

"వస్త అక్కా!" అని కిటికీలోంచి అరిచాను. బస్సంతా నా వైపు తిరిగింది. ఆమెకు వినబడదని గుర్తొచ్చి, తల ఊపాను, చేతులు ఊపాను. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె పేజీ దించలేదు. అక్షరాలు కలిసిపోయాక కూడా ఆ రంగు కనబడుతూనే ఉంది.

కామారెడ్డిలో బండెక్కేసరికి చీకటి పడింది. సోమవారానికి సెలవు కావాలని ప్రిన్సిపాల్‌కు మెసేజ్ పెట్టి, రవికి ఫోను చేశాను. "ఎట్ల ఒప్పించినవు చిన్నమ్మా?" అన్నాడు. ఏం చెప్పను? నేనేమీ చెప్పలేదు. బొటనవేలి గోరు మూల అవ్వ కడిగినా పోని నీలం కొంచెం మిగిలి ఉంది. దాన్ని చూసుకుంటూ కూర్చున్నాను. ఇన్నేళ్ళ తర్వాత మా అక్క నన్ను ఒర్రి పిలిచింది.