అమ్మ ఒక్కతే లేచి నిలబడింది

ఇరవై ఏళ్ల కిందటి మాట. బెంగళూరు ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి నన్ను జీతానికి తీసుకున్న కొత్తలో, మదనపల్లెలో మ్యాచ్ ఆడాం. నా ఆట చూడటానికి అమ్మ మొదటిసారి పుంగనూరు నుంచి వచ్చింది.

చివరి నిమిషాల్లో బంతిని బయటికి తన్నబోయి మా గోల్‌లోకే కొట్టేశాను. ఓడిపోయాం. జనం ఈలలేసి తిడుతుంటే అమ్మ ఒక్కతే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అందరూ ఆమెను చూసి నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది.

బస్టాండుకు నడుస్తూ, "అమ్మా, మనం ఓడింది ఆ గోలుతోనే. తెలీక సప్పట్లు కొట్టినావు" అని విసుక్కున్నాను.

"తెలుసులేప్పా. అందురూ నిన్ను తిడతాండారు. ఒక్కరన్నా నీ పక్క ఉండాల గదా!" అంది.

నడిరోడ్డు మీదే ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. అలాంటి మనిషిని చూసి సిగ్గుపడ్డందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.